పెద్ద పీరు గురించి నేను రాసిన వాక్యం

నేను భయపడేది ఒక వాక్యానికి. నేనే రాసిన వాక్యం. డిగ్రీ చదివే రోజుల్లో రాశాను. తర్వాత పెళ్లయింది, పాప పుట్టింది, పాపకు మాటలు వచ్చాయి. ఆ వాక్యం మాత్రం పెట్టినచోటే ఉంది. మా ఊరి పేరు ఫోన్‌లో వెతికితే మొదట వచ్చే పేజీలో, 'చరిత్ర' అన్న శీర్షిక కింద, ఎవరికీ అనుమానం రానంత నిదానమైన భాషలో ఉంది.

ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. పెళ్లిళ్లలో, పురుళ్లలో చుట్టాలు కూర్చున్నచోట ఎవరైనా ఫోన్ తీసి "మన ఊరి గురించి నెట్ల ఉన్నది సూసిన్రా" అంటే చాలు, లేచి వంటింట్లోకి వెళ్లిపోతాను. నీళ్లు తాగుతాను. చెవి మాత్రం అటే ఉంటుంది. ఎవరి వేలు ఎక్కడ నొక్కుతుందో అని. దొంగతనం చేసినవాళ్లకు ఇలాగే ఉంటుందా? నేను ఎవరి ఇంట్లోంచీ ఏమీ ఎత్తుకురాలేదు. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అది కూడా నిజం కాదు.

మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. ఊరి పేరు రాయను. మెట్‌పల్లి దాటాక వస్తుంది, అంతవరకే.

కరీంనగర్‌లో చదివేటప్పుడు మా కాలేజీకి కొందరు వచ్చారు. ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగలిగే విజ్ఞాన సర్వస్వం ఉంది కదా, దానిలో తెలుగు వ్యాసాలు రాసేవాళ్లు. జీతం లేదు. పగలంతా బ్యాంకుల్లో, బడుల్లో పనిచేసి, ఇంటికెళ్లి, ముఖం తెలియని ఎవరో రాసిన వ్యాసంలో అచ్చుతప్పులు దిద్దే మనుషులు. వాళ్లంటే నాకు నిజంగానే గౌరవం కలిగింది. ఇప్పటికీ ఉంది. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు, ఆ సంగతి ముందే చెప్తున్నాను.

మా చేత చేయించిన పని ఇది. ప్రతి ఊరికీ అప్పటికే ఒక పేజీ ఉంది. జనాభా ఎంత, బడి ఉందా, బస్సు వస్తుందా, ఏ పంటలు పండుతాయి, ఇవన్నీ సర్కారు లెక్కల నుంచి తెచ్చి పెట్టినవి. 'చరిత్ర' అన్న శీర్షిక మాత్రం చాలా ఊళ్లకు ఖాళీ. దాన్ని నింపాలి. ఎవరి ఊరి చరిత్ర వాళ్లు రాయాలి. మంచి వ్యాసాలకు బహుమతి. నేర్పడానికి వచ్చిన సారు ఒకే మాట పదేపదే చెప్పేవారు. "మీకు తెలిసింది రాయొద్దు. ఎక్కడో అచ్చయింది రాయండి. నోటిమాట ఆధారం కాదు."

నా పక్క కుర్చీలో కూర్చున్న అమ్మాయి వాళ్ల ఊళ్లో కోట ఉంది. శాసనం ఉంది. ఆ శాసనాన్ని చదివి పుస్తకం రాసినవాళ్లున్నారు. ఆ అమ్మాయి పేజీ కింద ఆధారాల వరుస చూస్తే నాకు కళ్లు కుట్టేవి. మా ఊరికి కోట లేదు. శాసనం లేదు. మా ఊరికి ఉన్నది పీర్లు.

పీర్ల పండుగ మీకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే కొంచెం చెప్తాను, ఎందుకంటే తర్వాతిదంతా దానిమీదే ఉంది. మా ఊళ్లో ముస్లింల ఇళ్లు తక్కువ. పీర్ల కొట్టం మాత్రం అందరిదీ. మొహర్రం నెల పొడవగానే కొట్టంలో పెట్టెలోంచి పీర్లను, అంటే పొడవాటి కర్రలకు బిగించే లోహపు పంజాలను, తీసి కడిగి, రంగురంగుల దట్టీ గుడ్డలు కట్టి నిలబెడతారు. కొట్టం చూసుకునే ముజావర్ ఖాసీం సాబ్. కానీ పెద్ద పీరును ఎత్తేది ఆయన కాదు. సాలోళ్ల రాజలింగం తాత. నేత నేసే ఇల్లు అది. తాతకు ముందు వాళ్ల నాన్న, అంతకు ముందు వాళ్ల తాత. పండుగ అయ్యేదాకా తాత చెప్పులు వేసుకోడు, ఇంటి ముఖం చూడడు, కొట్టంలోనే పడుకుంటాడు. చివరి రోజు పీరు ఎత్తుకుని వీధుల్లోకి వస్తే ఆడవాళ్లు బిందెలతో ఆయన కాళ్లమీద నీళ్లు పోస్తారు. జబ్బుచేసిన పిల్లల్ని ఆ తడి నేలమీద, దారికి అడ్డంగా పడుకోబెడతారు. పీరు ఎత్తినవాడు వాళ్లమీద నుంచి దాటిపోవాలి. దాటితే పీడ పోతుందని నమ్మకం. నన్నూ పడుకోబెట్టారు. చిన్నప్పుడు విడవని జ్వరమట. నాకు గుర్తున్నది ఒక్కటే. కళ్లు మూసుకోమన్నా మూసుకోలేదు. పైనుంచి ఒక తడి పాదం, వేళ్ల మధ్య బురద, నన్ను తాకకుండా గాలిలో కాసేపు ఆగి, అవతలికి దిగింది.

మిగతా ఏడాదంతా రాజలింగం తాతను ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. మగ్గం పోయాక సంచులు కుట్టేవాడు. మా ఇంటికి వస్తే అరుగు మీదే కూర్చునేవాడు. మాది పటేల్ ఇల్లు, ఊరి పెద్దల ఇల్లు. ఆ ఒక్క పండుగలో మాత్రం మా నాన్నకు అన్న అయిన పెద్దబాపు కూడా వంగి ఆయన కాళ్లు మొక్కేవాడు.

ఇదంతా నేను వ్యాసంలో రాశాను. నేను చూసింది కాబట్టి బాగానే రాశాను. కానీ చరిత్ర అంటే ఎప్పటి నుంచో, ఎవరు తెచ్చారో ఉండాలి కదా? అది నాకు తెలియదు. రాజలింగం తాత ఇల్లు మా వెనక సందులోనే. ఆదివారం ఇంటికి వెళ్లినప్పుడు అడిగితే ఆయనకు తెలిసింది చెప్పేవాడు. అడగలేదు. నోటిమాట ఆధారం కాదు అన్నారు కదా, అడిగి ఏం లాభం అనుకున్నాను. అడగకుండా ఏం చేశాను? కల్పించాను. ఒక ముసలాయన నోటిమాట పనికిరాదని, నా తలలోంచి పుట్టింది పెట్టాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు అర్థం కాదు, ఆ రోజు ఈ రెండింటికీ తేడా ఎందుకు కనబడలేదో.

వాక్యం ఇది. 'ఈ గ్రామంలోని పెద్ద పీరును పూర్వం పటేల్ వంశీయులు హైదరాబాదు నుండి తెప్పించి నెలకొల్పారని, తొలినాళ్లలో ఆ వంశీయులే దానిని ఎత్తేవారని స్థానికుల కథనం.'

ఏ స్థానికులూ నాకు ఆ కథ చెప్పలేదు. మా ఇంట్లో కూడా ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఎందుకు రాశానంటే, జవాబు ఒక్కటి కాదు. ఖాళీగా ఉంటే బాగుండదని. కోట ఉన్న అమ్మాయి నవ్వుతుందని. మా ఇంటి పేరు ఒకచోట ఉంటే బాపు సంతోషిస్తాడని. హైదరాబాదు అని పెడితే నిజంలా ఉంటుందని. 'స్థానికుల కథనం' అన్న మాట ఎంత సులువైనదో అప్పటికే చాలా వ్యాసాల్లో చూశాను. దాని వెనక ఎవరైనా దాక్కోవచ్చు.

కొన్నాళ్లకు ఎవరో ఆ వాక్యం చివర చిన్న అక్షరాలతో 'ఆధారం చూపాలి' అని తగిలించారు. ఆ రోజు చెరిపేస్తే అయిపోయేది. సిగ్గుపడ్డాను కానీ చెరపలేదు. బహుమతి అప్పటికే వచ్చేసింది, కాలేజీలో పేరు చదివారు, ఇప్పుడు ఎలా చెరిపేది? చూడనట్టు ఊరుకున్నాను.

తర్వాతి మొహర్రానికి ఒక పత్రిక జిల్లా పేజీలో మా ఊరి పీర్ల మీద చిన్న వార్త వచ్చింది. బాపు చదివి వినిపించాడు. 'తొలినాళ్లలో' అన్న మాట కూడా అలాగే ఉంది. రాసినాయన ఊరికి రాలేదు. నా పేజీ చూసి రాసుకున్నాడు.

ఆ సాయంత్రం నేను చేసింది మొదటిదానికంటే పెద్ద తప్పు. మొదటిది తెలివితక్కువతనం అనొచ్చు. దీన్ని అనలేను. ఆ వార్తను తీసుకెళ్లి నా వాక్యం కింద ఆధారంగా పెట్టాను. 'ఆధారం చూపాలి' అన్నది తీసేశాను. చూడటానికి అంతా పద్ధతిగా ఉంది. పత్రిక పేరు, తేదీ, పేజీ. నా అబద్ధానికి సాక్షి దొరికాడు. ఆ సాక్షి నా నోటినుంచి విన్నదే చెప్తున్నాడని నాకొక్కదానికే తెలుసు. పీడా వదిలింది అనుకున్నాను. అవును, ఆ మాటే అనుకున్నాను.

ఇక ఊళ్లో ఏమైందో నేను చూడలేదు. పెద్దబాపు దాచుకున్న ఆ పేపరును బయటకు తీసింది కొన్నేళ్లకు, అప్పటికి నాకు పెళ్లయి కరీంనగర్‌లోనే ఉంటున్నాను. అమ్మ ఫోన్‌లో చెప్పింది, నవ్వుకుంటూ.

"మీ పెద్దబాపు పేపరు పట్టుకొని కొట్టం కాడ కూసున్నడు. మనదే గదా పీరు, మనోళ్లే గదా ఎత్తేది, ఇన్నొద్దులు సాలోళ్లకు ఇడిశిపెట్టినం అంటడు. ఫోన్ల గూడ సూపెట్టిండట. ఖాసీం సాబ్ ఏమంటడు పాపం, కాగితంల ఉన్నంక నేనేం జేత్త పటేలా, ఎవ్వలెత్తినా పీరు పీరే అన్నడట."

"రాజలింగం తాత ఏమన్నడు?"

"ఏమంటడు. సప్పుడు జెయ్యలే. ఈయేటి సంది మన సురేందర్ ఎత్తుతడు. మన ఇంటికి ఎంత ఇజ్జత్ సూడు."

సురేందర్ మా పెద్దబాపు కొడుకు. నాకు అన్న. మంచివాడే. బుల్లెట్ బండి మీద తిరుగుతాడు. చెప్పులు లేకుండా నాలుగడుగులు వేయడం అతనికి అలవాటు లేదు.

నేను అప్పుడు చెప్పొచ్చు. అమ్మా, అది నేను రాశాను, అబద్ధం అని. ఆ మాట నోటిదాకా వచ్చింది. అప్పుడు నాకు ఏడో నెల. కడుపులో పాప తన్నింది. అది సాకుగా తీసుకుని ఫోన్ పెట్టేశాను.

పాప పాకడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక పొద్దున రాజలింగం తాత మా ఇంటికి వచ్చాడు. బస్సు దిగి దారి అడుగుతూ నడిచి వచ్చినట్టున్నాడు, చొక్కా తడిసిపోయి ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు నిండా జామకాయలు. మా ఆయన ఆఫీసుకు వెళ్లిపోయాడు. నేనూ, పాపా.

"మీ అవ్వనే చెప్పింది బిడ్డా, గీ గల్లీల ఉంటరని. మీ పెద్దబాపుకు చెప్పకు. సాలోడు పటేలోళ్ల ఇండ్లు తిరుగుతుండు అని ఇంకింత ఎగురుతడు." అవ్వ అంటే మా అమ్మ.

"కుర్చీల కూసో తాతా."

"కింద సల్లగున్నది." గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పాప పాక్కుంటూ వెళ్లి ఆయన కాలి బొటనవేలు పట్టుకుంది. ఆయన నవ్వాడు. "నీ తీరే ఉన్నది పోరి. నువ్వు గూడ గిట్లనే పట్టినవ్, యాదికున్నదా? పీరు దాటేటప్పుడు నా కాలు పట్టుకొని ఇడవలే. ఆనాడు నేను జారితే పీరు, నేను, నువ్వు, ముగ్గురం మోరి కాల్వల ఉందుము."

"నాకు యాదికి లేదు తాతా."

"నాకున్నది. మీ అవ్వ ఏడ్సుడు గూడ యాదికున్నది. బిడ్డకు జరమొస్తే ఏడ్సిందో, నేను తొక్కుతననుకొని ఏడ్సిందో."

నవ్వాను. నవ్వు మధ్యలో ఆయన చొక్కా జేబులోంచి మడతపెట్టిన పేపరు ముక్క తీశాడు. అదే వార్త అని మడతలో ఉండగానే గుర్తుపట్టాను.

"గిది ఫోన్ల ఉన్నదట గదా. పేపరోళ్లు గూడ ఫోన్ల సూసే రాసిండ్రట. మా పిలగాడు చెప్పిండు. గా ఫోన్ల ఎవ్వలు రాసిండ్రో జర సూసి చెప్పు బిడ్డా. నువ్వు సదువుకున్నవు."

"ఎందుకు తాతా?"

"కొట్లాటకు గాదు. కొట్లాడితే నాకెవ్వడున్నడు. పోయి అడుగుత. అయ్యా, నీకు ఎవ్వలు చెప్పిండ్రు? మా తాతకు తెలువంది నీకెట్ల తెలిసింది? నిజంగ తెలిస్తే నేను గూడ ఇంట. నాకు గూడ తెల్వాలె గదా, నేను ఇన్నేండ్లు ఎవ్వలది ఎత్తుకొని తిరిగిన్నో."

ఫోన్ నా చేతిలోనే ఉంది. ఆ పేజీ పైన ఒక చోట నొక్కితే, ఏ వాక్యం ఎవరు ఎప్పుడు చేర్చారో వరుసగా కనబడుతుంది. నా వాడుకరి పేరు నా ముద్దుపేరే. ఊళ్లో అందరూ నన్ను పిలిచే పేరు. ఆయన కూడా ఆ పేరుతోనే పిలిచేవాడు.

"అది ఎవరైనా రాయొచ్చు తాతా," అన్నాను. "ఎవ్వలు రాసిండ్రో తెలువది."

"తెలువదా? బడి గోడ మీద బొగ్గుతోని రాసినోడే దొరుకుతడు. గంత పెద్ద కంప్యూటర్ల రాసినోని పేరు ఉండదా?"

"ఉండది తాతా."

ఆయన నన్ను చూశాడు. అనుమానంగా కాదు. అనుమానంగా చూసి ఉంటే చెప్పేసేదాన్నేమో. పేపరు ముక్క మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"గంతే అయితది. నువ్వు లేదన్నంక లేనట్టే."

అన్నం తినమన్నాను. తినలేదు. పాప ఆయన వేలు వదల్లేదు, మెల్లగా విడిపించుకున్నాడు. గడప దాటుతూ "జామకాయ గింజలు తీసి పెట్టు పోరికి, గొంతుల పడతయ్," అన్నాడు. ఆ కాయలు నేను పాపకు పెట్టలేదు. నేనూ తినలేదు. చెత్తలో వేయలేక, ఉంచలేక, వాసన వచ్చేదాకా అలాగే ఉంచాను.

ఆ తర్వాత ఆయన ఊళ్లో ఎక్కువ రోజులు లేడు. వాళ్ల కొడుకు మందమర్రిలో ఉంటాడు, అక్కడికి వెళ్లిపోయాడని అమ్మ చెప్పింది. మొహర్రం వచ్చినప్పుడు ఊళ్లో ఉండి, పీరు ముందు జనంలో నిలబడలేకపోయాడట. అమ్మ మామూలుగానే చెప్పింది, పక్కింటివాళ్లు ఇల్లు మారిన సంగతి చెప్పినట్టు.

ఇక్కడితో ఆగిపోతే నేను ఇప్పటికీ మౌనంగానే ఉండేదాన్నని ఒప్పుకోవాలి. నా మంచితనం వల్ల ఈ మాటలు రాయడం లేదు. భయం వల్ల రాస్తున్నాను.

పాపకు జ్వరం వస్తే ఫిట్స్ వస్తున్నాయి. మొదటిసారి వచ్చినప్పుడు కళ్లు పైకి తేలిపోయి, ఒళ్లు కర్రలా బిగుసుకుపోయి, నా ఒడిలోనే. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, జ్వరానికి కొందరు పిల్లల్లో ఇలా వస్తుంది, పెద్దయ్యేకొద్దీ పోతుంది, భయపడొద్దమ్మా అన్నారు. భయపడొద్దంటే ఎలా? అప్పటి నుంచి నా చెయ్యి ఎప్పుడూ దాని నుదుటి మీదే ఉంటుంది. దాని ఊపిరి వింటూ పడుకుంటాను. కొంచెం వెచ్చగా అనిపిస్తే లేచి లైటు వేస్తాను, మా ఆయన విసుక్కుంటాడు.

అమ్మ డాక్టరు మాట వినలేదు. "నిన్ను దాటిపిచ్చినం, బతికినవ్. దీన్ని గూడ దాటిపిద్దాం. ఈ పీర్లకు తోల్కరా," అంది. మొక్కు కూడా మొక్కేసింది. అత్తగారు కూడా ఒప్పుకుంది. మా ఆయన, పోతే ఏం పోయింది, ఒకసారి వెళ్లొద్దాం అన్నాడు. ఆ పండుగ వచ్చే వారమే.

నాకు పీర్ల మీద నమ్మకం ఉందా? చదువుకున్నదాన్ని, లేదనే చెప్తాను. మరి ఈ వణుకు ఎందుకు? నిరుడు సురేందర్ అన్న పీరు ఎత్తుకుని తడి నేలమీద జారాడు. పూర్తిగా పడలేదు. కింద పడుకున్న ఒక పిల్లవాడి చేతిమీద అన్న కాలు పడింది. ఎముక విరగలేదు, వాచింది, అంతే. ఆ వీడియో నాకు కూడా వచ్చింది. జనం కేకల మధ్య ఆ పిల్లవాడి ఏడుపు విన్నాను. రాజలింగం తాత పాదం గాలిలో ఆగింది గుర్తొచ్చింది. అన్న పాదం ఆగదు. ఆగడం అతనికి ఎవరూ నేర్పలేదు. అతన్ని అక్కడ నిలబెట్టింది పెద్దబాపు కాదు, పేపరు కాదు. నేను. ఇప్పుడు ఆ కాళ్ల కింద నా పాపను నేనే తీసుకెళ్లి పడుకోబెట్టాలి. ఇది శిక్ష అంటారా? నేను అనను. అనడానికి కూడా భయం. ఆ పిల్లవాడి తల్లికి ఏ తప్పు ఉంది?

మొదట పిరికిదారి పట్టాను. నా పేరుతో కాకుండా, పేరు లేకుండా ఆ పేజీ తెరిచి వాక్యం తీసేశాను. కొంచెంసేపటికే ఎవరో దాన్ని తిరిగి పెట్టేశారు. పక్కన ఒక మాట, చాలా మర్యాదగా. 'ఆధారంతో ఉన్న సమాచారాన్ని కారణం చెప్పకుండా తొలగించకండి.' మళ్లీ తీశాను. మళ్లీ పెట్టారు. ఆయన ఎవరో మంచివాడు. తన పని తాను చేస్తున్నాడు. ఆ వాక్యానికి కాపలా కాస్తున్నాడు. ఆ కాపలా ఎలా ఉంటుందో నాకు తెలుసు, నేనూ ఒకప్పుడు అలాగే మా ఊరి పక్క ఊళ్ల పేజీలు చూసుకునేదాన్ని.

వెతికితే అది ఒక్కచోటే లేదు. ఇంకో రెండు మూడు వెబ్‌సైట్లలో ఉంది. ఊరి కుర్రాడు చేసిన వీడియోలో ఉంది. కొట్టం ముందు కొత్తగా పెట్టించిన బోర్డు మీద, మా తాతల పేర్ల పైన, 'తొలినాళ్లలో' అన్న నా మాటతో సహా ఉంది. ఒక చోట చెరిపితే ఏమవుతుంది?

అయినా చెప్పాలనుకున్నాను. మొదట ఫోన్‌లో అమ్మకు చెప్పాను.

"నువ్వా?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఇప్పుడెందుకే ఆ ముచ్చట? నోర్మూసుకొని ఉండు. మీ పెద్దబాపు మొగం ఏడ పెట్టుకోవాలె? మీ బాపు ఊళ్లె తిరగద్దా?"

"పాపను పడుకోబెట్టను అమ్మా."

"మొక్కు తప్పుతవా? దానికేమన్న అయితే?"

ఆ మాట నా భయం ఎక్కడుందో సరిగ్గా అక్కడే తగిలింది. అయినా పాపను తీసుకురానని ఇంకోసారి చెప్పాను.

మర్నాడు నా పాత వాడుకరి పేరుతో ఆ పేజీలోకి వెళ్లాను. పాస్‌వర్డ్ మరిచిపోయి, కొత్తది తెప్పించుకుని. ప్రతి వ్యాసానికీ వెనక ఒక చర్చా పేజీ ఉంటుంది, రాసేవాళ్లు మాట్లాడుకోవడానికి. అక్కడ రాశాను. పెద్ద పీరు గురించిన వాక్యం చేర్చింది నేను. నాకు ఎవరూ చెప్పలేదు, నేను కల్పించాను. పత్రికవాళ్లు ఈ పేజీ నుంచే తీసుకున్నారు, దాన్నే తిరిగి ఆధారంగా పెట్టింది కూడా నేనే. పీరును ఎత్తుతూ వచ్చింది సాలె కుటుంబం, అది ఊరందరికీ తెలుసు. రాసి, భద్రపరచు అన్నచోట వేలు పెట్టి, తీసి, పెట్టి, నొక్కేశాను.

ఎవరో జవాబు రాశారు. మీరు చెప్పేది నిజమే కావచ్చు, కానీ సాలె కుటుంబం గురించి అచ్చులో ఏదైనా ఆధారం ఉందా అని. లేదు. ఎలా ఉంటుంది? పరిశీలిస్తాం అన్నారు. ఈ రోజు వరకు వాక్యం అక్కడే ఉంది. చివర మళ్లీ చిన్న అక్షరాలు వచ్చాయి. 'సందేహాస్పదం'.

రాజలింగం తాత నంబరు ఇవ్వనని అమ్మ అంటే, ఊళ్లో ఇంకొకరిని అడిగి తీసుకున్నాను. నిన్న మధ్యాహ్నం పాప పడుకున్నాక ఫోన్ చేశాను. ఆయనే ఎత్తాడు. నా పేరు చెప్పాను. గొంతు వెలిగింది, పోరి ఎట్లున్నది అని అడిగాడు. నేను బాగోగులు మాట్లాడలేదు. మాట్లాడితే మళ్లీ జారిపోతానని తెలుసు. తాతా, ఆనాడు నువ్వు అడిగినవ్ గదా, ఎవ్వలు రాసిండ్రు అని. పేరు ఉంటది తాతా. నేను ఉండదన్న. అది నేనే రాసిన. ఎవ్వలు చెప్పలే, నేనే పుట్టిచ్చిన. ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను.

అవతల టీవీ మోగుతోంది. ఆయన తిట్టలేదు. ఏడుస్తున్నాడేమో అని విన్నాను, ఏడవడం లేదు. నేను తాతా, తాతా అన్నాను. వెనక నుంచి ఎవరో, కొడుకే అయి ఉంటాడు, "ఎవ్వలు బాపు ఫోన్ల?" అని అడగడం వినబడింది.

"ఎవ్వలు లేరు," అన్నాడు తాత. ఫోన్ పెట్టేశాడు.

ఈ రోజు మళ్లీ చేయలేదు. క్షమించమని అడగలేదు, అడగను కూడా. అడిగితే ఆయన మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుంది. పెద్దబాపుకు రేపో ఎల్లుండో తెలుస్తుంది, అమ్మ వల్ల దాచడం కాదు. బాపు ఫోన్ చేస్తాడు. మా ఆయనకు పొద్దున లేవగానే చెప్పాలి. ఆ పేజీలో నా పేరు, నా మాటలు, ఎవరు నొక్కినా కనబడేలా ఉన్నాయి. ఈసారి పీరు ఎవరెత్తుతారో నాకు తెలియదు. బహుశా సురేందర్ అన్నే. ఆయన కాళ్ల కింద ఎవరి పిల్లలు ఉంటారో తెలియదు. ఆ పిల్లల తల్లులకు ఎలా చెప్పను? ఆ భయం తగ్గలేదు. పెరిగింది.

పాప పక్కనే పడుకుని ఉంది. ఒళ్లు చల్లగానే ఉంది. రేపు ఎలా ఉంటుందో. ఇది రాస్తున్నంతసేపూ నా చెయ్యి దాని నుదుటి మీదికి వెళ్లలేదని ఇప్పుడే గమనించాను. ఎవరైనా మా ఊరి పేరు వెతికితే ఇక నేను వంటింట్లోకి వెళ్లను. అక్కడే కూర్చుంటాను. ఎవరు రాసిందిది అని అడిగితే చెప్తాను. నేను రాశాను.